ఇనుము చిన్నదవుతుంది, ఆవిరి అవదు

అమీర్‌పేట పేరు చెబితే జావా, పైథాన్, మైత్రీవనం, గోడ కనపడనివ్వని కోర్సుల పోస్టర్లు గుర్తొస్తాయి. పంజాగుట్ట అంటే ఫ్లైఓవరు, నిమ్స్ ఆసుపత్రి, బట్టల షాపులు. ఈ రెండు పేటల మధ్య ఏ మేడ మీదో ఎవరైనా మూరెడు కూడా లేని ఇత్తడి ట్రాక్టరులో నీళ్ళు పోసి, కింద మంట పెట్టి, పొగగొట్టం వైపు చూస్తూ కూర్చున్నారనుకోండి, పక్కింటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "బ్యాటరీ ఎక్కడ పెడతారండీ?" అనే. బ్యాటరీ లేదు, మోటారు లేదు. లోపల నిజమైన బాయిలరు, నిజమైన పిస్టను. అవతలి తరం రోడ్డు రోలర్లు, పొలం ఇంజన్లు ఎలా నడిచాయో ఇదీ అలాగే నడుస్తుంది. ఈ సరదా చుట్టూ పోగుపడిన విశేషాలు కొన్ని ఇవి.

ముందు గుర్రం, వెనక ఇంజను

ఆవిరి ఇంజను పొలాల్లోకి వచ్చిన కొత్తలో తనంతట తాను కదిలేది కాదు. గుర్రాలు లాక్కొచ్చి పొలంలో నిలబెడితే, బెల్టు తగిలించి నూర్పిడి మిషను తిప్పేది. ఇంత బలమున్న యంత్రాన్ని గుర్రాలు ఈడ్వడమేమిటని 1859 ప్రాంతంలో ఇంగ్లండులో థామస్ ఏవెలింగ్ దాని చక్రాలకు గొలుసు వేసి సొంతంగా నడిపించాడు. తమాషా ఏమిటంటే, తొలినాటి ఆ బండ్లకు ముందు ఒక గుర్రం మాత్రం అలాగే ఉండేది. లాగడానికి కాదు, మలుపు తిప్పడానికి!

స్టీరింగు వచ్చాక కూడా పని సుఖంగా లేదు. చక్రం తిప్పితే మర తిరిగి, గొలుసు చుట్టుకుని, అప్పుడు ముందు ఇరుసు కదులుతుంది. మధ్యలో గొలుసు వదులు ఎంత ఉంటే అంత ఆలస్యం. అందుకే పెద్ద ఇంజన్ల మీద ఇద్దరు మనుషులు ఉండేవారు, ఒకరు ఆవిరి చూసుకోవడానికి, ఇంకొకరు స్టీరింగు పట్టుకోవడానికి. మోడల్‌లోనూ ఆ గొలుసే ఉంటుంది, ఆ వదులే ఉంటుంది. కొత్తగా నడిపేవాళ్ళు తిన్నగా పోనివ్వలేక వంకర్లు పోవడం చూసి నవ్వకూడదు.

1865లో బ్రిటన్ చట్టం ఇలాంటి బండ్లకు ఊళ్ళో గంటకు 2 మైళ్ళు, ఊరి బయట 4 మైళ్ళు మించకూడదని గిరి గీసింది. 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి కూడా. సాయంత్రం ఏడింటికి అమీర్‌పేట చౌరస్తాలో ఆ 2 మైళ్ళ వేగం దొరికితే మనం సంతోషిస్తాం. ఎర్రజెండా మనిషికి జీతం దండగ.

కుక్కరు పాటి ప్రెజరే

బొమ్మ ఆవిరి ట్రాక్టర్లలో ప్రపంచమంతా ఎరిగిన పేర్లు రెండు. ఒకటి బర్మింగ్‌హామ్‌లో పుట్టిన మామోడ్. దాని టీఈ1 ట్రాక్షన్ ఇంజను 1963లో మార్కెట్లోకి వచ్చింది. రెండోది జర్మనీలోని లూడెన్‌షైడ్‌కు చెందిన విలెస్కో, 1912 నాటి కంపెనీ. వీటి బాయిలర్లలో ప్రెజరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒకటి, ఒకటిన్నర కేజీలు. మన వంటింట్లో కుక్కరు వెయిటు లేచి విజిలు వేసేది కూడా దగ్గర దగ్గర అక్కడే. కుక్కరు ఆ ఆవిరిని పప్పు మీద పెడుతుంది, ఇది పిస్టను మీద పెడుతుంది. సేఫ్టీ వాల్వు పని కూడా అదే, వెయిటు బదులు చిన్న స్ప్రింగు ఉంటుందంతే.

హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ గిన్నెలో నీళ్ళు 100 దగ్గర కాదు, దాదాపు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విశాఖలో ఉన్న చుట్టానికి ఈ రెండు డిగ్రీల సంగతి చెప్పి గొప్పలు పోవచ్చు. మూత బిగించిన బాయిలరుకు మాత్రం దీనితో పెద్ద తేడా పడదు.

వాట్‌కు పాఠం చెప్పింది ఒక మోడలే

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. 1763-64 శీతాకాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు తరగతి గదిలో చూపించే, న్యూకమెన్ అనే ఆనాటి ఆవిరి ఇంజను మోడల్‌ను బాగుచేయమని ఒక పనిముట్ల మెకానిక్కుకు ఇచ్చారు. పేరు జేమ్స్ వాట్. ఆ మోడల్ సిలిండరు వ్యాసం 2 అంగుళాలు, పిస్టను నడక 6 అంగుళాలు. బాయిలరు చూడబోతే దానికి సరిపోయేంత ఉంది. అయినా నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. పెద్ద ఇంజను గనుల్లో రాత్రింబగళ్ళు నడుస్తుంటే, అదే కొలతలతో చేసిన చిన్నది ఎందుకు నడవదు?

జవాబు లెక్కలో ఉంది. పొడవును సగం చేస్తే లోపల పట్టే ఆవిరి ఎనిమిదో వంతుకు పడిపోతుంది, గోడల వైశాల్యం మాత్రం నాలుగో వంతుకే తగ్గుతుంది. అంటే ఉన్న కాస్త ఆవిరికీ చల్లటి గోడ ఎక్కువ తగులుతుంది. వచ్చిన ఆవిరి వచ్చినట్టే గోడలకు నీరై కారిపోతుంది. పెద్ద ఇంజనులో కూడా ఈ దుబారా జరుగుతూనే ఉంది, కాకపోతే అంత బొగ్గులో అది కంటికి కనపడలేదు. మోడల్ దాన్ని బయటపెట్టింది. ఆవిరిని సిలిండరులో కాకుండా వేరే పాత్రలో చల్లబరిస్తే పోలేదా అని వాట్‌కు 1765లో తట్టింది, 1769లో పేటెంటు వచ్చింది. మిగతాది మనం బడిలో చదువుకున్నదే. ఆ మోడల్ ఇప్పటికీ గ్లాస్గోలో ఉంది.

మేడ మీది ఇత్తడి ట్రాక్టరుకు నేటికీ ఇదే జబ్బు. ఇనుమును ఎంతకైనా కుదించవచ్చు, ఆవిరిని కుదించలేం. నీళ్ళూ అంతే. బాయిలరులో నీటి మట్టం చూపే గాజు గొట్టాన్ని కొలత ప్రకారం సన్నగా చేస్తే నీటి బొట్టు మధ్యలో అతుక్కుని, లేని నీళ్ళు ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు గేజి గొట్టాన్ని కొలతకు మించి లావుగానే పెడతారు. చూపుకు కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా సరే.

పది టన్నులు ఆరు కేజీలయ్యే లెక్క

అడుగును అంగుళంగా చేస్తే, అంటే 12లో ఒక వంతు స్కేలులో కడితే, బరువు 12 × 12 × 12, అంటే 1,728 వంతుల్లో ఒకటికి దిగుతుంది. పది టన్నుల ఇంజను ఆరు కేజీల లోపుకు వస్తుంది. అడుగును నాలుగు అంగుళాలు చేస్తే 27లో ఒక వంతు, అంటే 370 కేజీలు. దీని మీద మనిషి కూర్చుని వెనక చిన్న ట్రాలీ కూడా లాగించవచ్చు. లిఫ్టులో మాత్రం పట్టదు. అపార్ట్‌మెంటువాళ్ళు ఏ స్కేలు ఎంచుకోవాలో ఈ లెక్కే తేల్చేస్తుంది.

కూత విషయంలో ఇంకో చిక్కు. విజిలు పొట్టిదయ్యేకొద్దీ గొంతు కీచుమంటుంది. స్కేలు ప్రకారం చేసిన విజిలు పిట్ట కూతలా ఉంటుంది. అందుకని పైకి కనపడేది ఉత్తుత్తిది పెట్టి, గంభీరంగా కూసే పొడవాటి గొట్టాన్ని డ్రైవరు నిలబడే పలక కింద దాచేస్తారు.

అసలుకన్నా ముందు బొమ్మ

బ్రిటన్‌లో రోడ్డు మీద ఆవిరి బండి తిరగకముందే బొమ్మ బండి తిరిగింది. బోల్టన్-వాట్ కంపెనీలో పనిచేసే విలియం మర్డాక్ 1784లో కార్న్‌వాల్‌లోని రెడ్రూత్‌లో ఆవిరితో నడిచే మూడు చక్రాల మోడల్ చేశాడు. ఫ్రాన్సులో క్యూనో అంతకుముందే ఒక పెద్ద ఆవిరి బండి కట్టాడు గానీ, బ్రిటన్‌లో మాత్రం ముందు మోడలే. అది ఇప్పుడు బర్మింగ్‌హామ్ మ్యూజియంలో ఉంది.

తిరగేసిన విశేషం కూడా ఉంది. 1905లో అమెరికాలో కేస్ కంపెనీ 150 గుర్రాల బలమున్న భారీ ఆవిరి ట్రాక్టరు చేసింది. అది కాలగర్భంలో కలిసిపోయాక, పాత డ్రాయింగుల సాయంతో దాన్ని నిలువెత్తు కొలతలో మళ్ళీ కట్టి 2018లో సౌత్ డకోటాలో నడిపించారు. స్కేలు ఒకటికి ఒకటి! అక్కడి మైదానాల్లో కొన్ని ఇంజన్లకు బొగ్గు బదులు నూర్చిన గడ్డినే మేపేవారు. మన దగ్గరైతే ఆ గడ్డి ఇంజను నోటిదాకా రాకుండా ఎడ్లే చూసుకునేవి.

పంజాగుట్ట పక్కనే ఆవిరి వీధి

అమీర్‌పేటకు ఆవిరి కొత్త చుట్టం కాదు. బేగంపేట, నేచర్ క్యూర్ హాస్పిటల్ స్టేషన్ల మీదుగా ఇప్పుడు ఎంఎంటీఎస్ పోయే పట్టాలు వాడి-సికిందరాబాదు లైనువి. నిజాం సొమ్ముతో వేసిన ఆ లైను మీద 1874 అక్టోబరులో రైలు మొదలైంది.   

హుస్సేన్‌సాగర్ గట్టున 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. అంటే ఆవిరితో పుట్టే కరెంటు. 1995లో దాన్ని కూల్చేశారు. అదే ఏడాది డిసెంబరు 6న దేశంలో మామూలు సర్వీసులోని చివరి బ్రాడ్‌గేజి ఆవిరి రైలు జలంధర్-ఫిరోజ్‌పూర్ మధ్య నడిచింది. ఒక్క ఏడాదిలో రెండూ.

సింగరేణి కన్నా ఇస్త్రీ బండి మేలు

బొగ్గుగనులున్న రాష్ట్రంలో ఉంటూ ఇంజనుకు బొగ్గు వెతుక్కోవాలా అనిపిస్తుంది. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1870ల్లో విలియం కింగ్ కనిపెట్టాడు, 1889 నుంచి తవ్వుతున్నారు, 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. కానీ ఆ బొగ్గులో బూడిద ఎక్కువ. పెద్ద కొలిమిలో ఫర్వాలేదు గానీ, అగ్గిపెట్టెలు నాలుగు పట్టేంత పొయ్యిలో పది నిమిషాలకే బూడిద ఊచల సందులు మూసేస్తుంది. బ్రిటన్‌లో వాళ్ళు బూడిద తక్కువగా ఉండే వెల్ష్ బొగ్గు వాడేవారు. ఆ గనులు మూతపడుతుంటే అక్కడా ఇదే దిగులు.

అయితే నిప్పు రాజేయడానికి అందరూ వాడేది కిరసనాయిల్లో నానబెట్టిన కర్రబొగ్గు. అది అమీర్‌పేట సందుల్లో ఇస్త్రీ బండి వాడి దగ్గరే దొరుకుతుంది. ఇక మామోడ్ లాంటి చిన్న బొమ్మలకు తెల్లటి ఇంధన బిళ్ళలు. ఇవి మండే పదార్థం కింద లెక్క కాబట్టి విమానంలో తీసుకురానివ్వరు. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యకు ట్రాక్టరు చెప్పండి, బిళ్ళలు చెప్పకండి. కర్పూరంతో సరిపెట్టేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మండుతుంది, కాదనను, కానీ మసి ఎంత పడుతుందంటే ఇత్తడి బాయిలరు సాయంత్రానికి బొగ్గు బాయిలరవుతుంది.

బొగ్గుతో నడిచే మోడల్‌లో పొగగొట్టం మరీ పొట్టి, దానంతట అది గాలి లాగదు. అందుకే మొదట పొగగొట్టం మీద చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను బోర్లిస్తారు. ఆవిరి లేచాక ఫ్యాను తీసేయవచ్చు. సిలిండరులో పని ముగించుకున్న ఆవిరి పొగగొట్టంలోకి దూసుకుపోతూ పొయ్యిలోని గాలిని తనతో ఈడ్చుకుపోతుంది. మనం చిన్నప్పుడు నోటితో అనుకరించిన "ఛుక్ ఛుక్" ఆ శబ్దమే. ఇంజను ఎంత కష్టపడితే అంత గట్టిగా ఛుక్కుమంటుంది, అంత గట్టిగా మంట లేస్తుంది. అడిగినంత తనే ఇచ్చుకునే ఏర్పాటు. ఇంత తెలివైన పని మరే యంత్రంలోనూ చూడలేదు నేను.

బోరు నీళ్ళు పోస్తే ఇక అంతే

గీజరు రాడ్డు మీద తెల్లగా పేరుకునే ఉప్పు హైదరాబాదులో చూడనివాళ్ళు లేరు. అదే బాయిలరులో పేరుకుంటే వేడి నీటికి అందదు, రాగి రేకు కాలిపోతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు గానీ, నాలుగు వానలు పడి మేడ కడిగాక పట్టిన వాన నీరు గానీ ఈ పనికి శ్రేష్ఠం.

నీళ్ళు పోసినంత జాగ్రత్తగా నూనె కూడా పోయాలి. మామూలు మిషను నూనె ఆవిరి తగిలితే పనికిరాకుండా పోతుంది, ఇందుకు చిక్కటి స్టీము ఆయిలు వేరే ఉంది. అది సిలిండరులోకి వెళ్ళే పద్ధతి చూసి తీరాలి. ఆవిరి గొట్టం పక్కన బొటనవేలంత ఇత్తడి బుడ్డి ఉంటుంది, నిండా నూనె. గొట్టంలోంచి సూది బెజ్జమంత దారిలో కొంచెం ఆవిరి బుడ్డిలోకి దూరి, చల్లబడి నీటి బొట్టవుతుంది. నీరు నూనెకన్నా బరువు కాబట్టి అడుక్కు దిగుతుంది. అది దిగినంత మేర నూనె పైకి లేచి, అదే బెజ్జంలోంచి ఆవిరిలో కలిసి సిలిండరు చేరుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఆట అయ్యాక అడుగు మర విప్పితే ముందు నీళ్ళు, తరువాత మిగిలిన నూనె వస్తాయి. ఎంత నీరు పడిందో అంత నూనె ఖర్చయిందని లెక్క.

రాణిగంజ్, బాలానగర్, అమీర్‌పేట

కొనడం కాదు, కట్టుకుంటాం అనేవాళ్ళకు ఈ నగరం అచ్చొచ్చిందే. వాల్వులు, ఇత్తడి కడ్డీలు, బేరింగులు రాణిగంజ్‌లో. లేతు పని బాలానగర్‌లో. టూల్ డిజైను నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968 నుంచి అక్కడే ఉంది. డ్రాయింగు గీయడానికి ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ నేర్పే సెంటర్లు అమీర్‌పేటలో మెట్టు మెట్టుకూ ఉన్నాయి. ఎటొచ్చీ బ్రిటిష్ డ్రాయింగుల్లో ఉండే బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరలు మాత్రం దొరకవు. చిత్రమేమిటంటే, 0 బీఏ మర సరిగ్గా 6 మిల్లీమీటర్లు, మర మరకూ మధ్య సరిగ్గా 1 మిల్లీమీటరు. పేరు బ్రిటిష్, కొలత మెట్రిక్. అలాగని మన ఎం6 నట్టు దానికి ఎక్కుతుందా అంటే సరిగా ఎక్కదు. మర పళ్ళ కోణం వేరు.

బంజారాహిల్స్ ఎక్కవచ్చు, దిగడమే కష్టం

ఈ ఇంజన్లలో పొయ్యి వెనక ఉంటుంది. దాని నెత్తి మీద ఎప్పుడూ నీళ్ళు ఉండాలి. గుట్ట ఎక్కేటప్పుడు నీళ్ళు వెనక్కు జరుగుతాయి, మంచిదే. దిగేటప్పుడు ముందుకు జారి, పొయ్యి నెత్తి పొడిబారుతుంది. అప్పుడు రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. బంజారాహిల్స్ నుంచి పంజాగుట్ట వైపు దిగే వాలు లాంటిది కనిపిస్తే పాతకాలపు డ్రైవర్లు దిగేముందు బాయిలరు నిండుగా పెట్టుకునేవారు. గేరు కూడా బండి ఆపాకే మార్చాలి. వాలులో గేరు ఊడితే పట్టుకునేవాడు లేడు. స్కేలు తగ్గినంత మాత్రాన వాలు తగ్గదు కాబట్టి మోడల్‌కూ ఇవే నియమాలు.

మన రోడ్ల మీద

1870ల మొదట్లో లెఫ్టినెంట్ క్రాంప్టన్ అనే సైనికాధికారి వైస్రాయి లార్డ్ మేయో ప్రోత్సాహంతో భారతదేశంలో రోడ్డు మీదే ఆవిరి బండ్లు నడిపే ప్రయత్నం చేశాడు. 'చీనాబ్', 'రావి' అని మన నదుల పేర్లు పెట్టారు వాటికి. వాటిని రబ్బరు చక్రాలతో రూపొందించినవాడు గాలి టైరును 1845లోనే పేటెంటు చేసిన ఆర్.డబ్ల్యు. థామ్సన్. క్రాంప్టన్ బడి పిల్లవాడిగా ఉన్నప్పుడే సొంతంగా ఆవిరి బండి కట్టుకున్న ఘనుడు. తరువాత కరెంటు దీపాల వైపు మళ్ళి అందులో ఇంకా పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఇంకొకటి. లారీల టాటా కంపెనీ 1948లో బ్రిటన్‌లోని మార్షల్ కంపెనీతో కలిసి ఆవిరి రోడ్డు రోలర్లు తయారుచేసింది.

పరీక్ష చన్నీళ్ళతో

కొత్త బాయిలరును నడిపే ప్రెజరుకు రెట్టింపు పెట్టి పరీక్షిస్తారు. కానీ ఆవిరితో కాదు, చన్నీళ్ళతో. నీరు నొక్కుకోదు కాబట్టి ఎక్కడైనా అతుకు విడితే సన్నగా చిమ్మి ఊరుకుంటుంది. ఆవిరితో చేస్తే పేలుతుంది. 2001 జులైలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మెడీనాలో, సంత మైదానానికి వచ్చిన ఒక నిజమైన పాత కేస్ ఆవిరి ట్రాక్టరు పేలి ఐదుగురు చనిపోయారు. పొయ్యి నెత్తి మీద నీళ్ళు తగ్గాయి, రేకు పాతబడి పలచబడి ఉంది. ఆ తరువాతే అక్కడ ఇలాంటి పాత బాయిలర్లకు తనిఖీల చట్టం వచ్చింది.

మన దేశంలో 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. 25 లీటర్ల కన్నా తక్కువ పట్టేవి ఆ చట్టం దృష్టిలో బాయిలర్లే కావు. కాబట్టి మేడ మీది బొమ్మకు ఇన్‌స్పెక్టరు రాడు. మనిషి కూర్చుని నడిపే పెద్ద మోడళ్ళవాళ్ళు మాత్రం ముందుగా లీటర్లు కొలుచుకోవాలి.

అన్నిటికన్నా చవకది

ఇదంతా ఖర్చు వ్యవహారం అనుకునేవాళ్ళకు జాతర్లలో, తిరునాళ్ళలో అమ్మే రేకు పడవ ఉండనే ఉంది. నీళ్ళ తొట్టిలో టపటపమంటూ గిరగిర తిరుగుతుందే, అది కూడా ఆవిరి యంత్రమే. 1891లో థామస్ పియో దానికి పేటెంటు తీసుకున్నాడు. పిస్టను లేదు, వాల్వు లేదు. చిన్న రేకు డబ్బీ, దాని వెనక రెండు గొట్టాలు, కింద వత్తి. డబ్బీలో ఆవిరి పుట్టి గొట్టాల్లోని నీటిని బయటికి నెడుతుంది, చల్లబడి మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. బయటికి పోయినంత నీరే లోపలికీ వస్తుంటే పడవ ముందుకే ఎందుకు పోతుందని పిల్లలు అడిగితే తడుముకోనక్కర్లేదు. బయటికి పోయే నీరు ఒక్క దిక్కుకు, వెనక్కే, చిమ్ముతుంది. లోపలికి వచ్చే నీరు గొట్టం మూతి చుట్టూ అన్ని వైపుల నుంచీ వస్తుంది.